పద్నాలుగో పేరు

గ్లోరి మేడమ్ ముందు పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది. ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు. తాగమని జగన్నాథరావు అనలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ సామ్రాజ్యం ఆ గ్లాసు మీంచి చూపు తిప్పడం లేదు. తిప్పితే ఒక పక్క భర్త మొహం ఉంది, ఇంకో పక్క కూతురి మొహం ఉంది. రెంటిలో దేన్నీ చూసే ధైర్యం ఆవిడకు లేదు. అన్నిటికీ మించి గ్లోరి కళ్ళలోకి చూడాలంటే భయంగా ఉంది.

"ఇంకోసారి చెప్పండి. సరిగ్గా వినపడలేదు," అన్నాడు జగన్నాథరావు.

వినపడక కాదు. తిరువూరు బజారులో పాతికేళ్ళుగా పురుగుమందుల కొట్టు నడుపుతున్న మనిషి ఆయన. ఎదుటివాళ్ళ చేత చేదు మాట రెండోసారి చెప్పిస్తే, రెండోసారికి అది కాస్త మెత్తబడుతుందని ఆయన నమ్మకం. మందుల కంపెనీ ఏజెంట్ల దగ్గర ఆ ఎత్తు చాలాసార్లు పారింది.

కాలేజీ ఫిజికల్ డైరెక్టరు గ్లోరి దగ్గర పారలేదు.

"శుక్రవారం యూనివర్సిటీ కబడ్డీ టీము సెలక్షన్సుకి పన్నెండు మందిని పంపుతున్నానండి. అందులో స్నిగ్ధ పేరు లేదు. లెఫ్ట్ కార్నర్లో సాహెరా ఆడుతుంది," అంది గ్లోరి. ఒక్క మాట కూడా మెత్తబడలేదు.

"ఆటో ఖాదర్‌బాషా కూతురా?"

"అవునండి."

"రెండేళ్ళ నుంచి ఆ మూల మా అమ్మాయిది."

"మొన్న బుధవారం దాకా మీ అమ్మాయిదే."

బుధవారం మాట ఎత్తగానే, మెట్ల దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న స్నిగ్ధ తల దించుకుంది. గంపలగూడెంలో జరిగిన మ్యాచ్‌కి సామ్రాజ్యం వెళ్ళలేదు గానీ, ఏం జరిగిందో నలుగురి నోటా నాలుగుసార్లు విన్నది. కూతకొచ్చిన మనిషి కాలు పట్టుకుని నేలకు కుదెయ్యడం కార్నర్ పని. స్నిగ్ధ పట్టుకుంది. రెండు చేతులతో చీలమండ దగ్గర, నేర్పినట్టే పట్టుకుంది. పట్టు ఎక్కడా జారలేదు. పట్టుకున్న పిల్లను పట్టుకున్నట్టే ఈడ్చుకుంటూ ఆ రైడర్ గీత దాటేసింది. చూసినవాళ్ళు నవ్వారట.

అదే పిల్ల నిరుడు ఎంత మందిని ఆ మూలలో నేల కరిపించిందో ఆ నవ్విన వాళ్ళకు గుర్తులేదు. జనానికి అంత జ్ఞాపకం ఉంటే ఇంకేం.

జగన్నాథరావు లేచి వంటింట్లోకి వచ్చాడు. సామ్రాజ్యం పక్కకు తప్పుకుంది. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితాన్ని టేపుతో సహా ఊడబెరికి, హాల్లోకి తెచ్చి, గ్లోరి ముందు కాఫీ గ్లాసు పక్కన పరిచాడు.

"ఇది మీరిచ్చిందేనా?"

"నేను గ్రూపులో పెట్టిందే. మీరు ప్రింటు తీయించారు."

"ఇందులో మా అమ్మాయిది ఆఖరి పేరు. పద్నాలుగు మందిలో పద్నాలుగో ర్యాంకు. కొవ్వు ఎక్కువుందని మీరే రాశారు. కన్నతండ్రిని, ఊరుకుంటానా? ఐదు వారాల్లో ఆరు కిలోలు తగ్గించాను. అరవై నాలుగు నుంచి యాభై ఎనిమిదికి తెచ్చాను. ఇప్పుడొచ్చి టీములోంచే తీసేశానంటే ఏమనుకోవాలి నేను?"

ఆ కాగితం కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. గ్లోరి టీములో పిల్లలందరికీ చేతి వెనకా, నడుము పక్కనా చర్మాన్ని చిన్న పట్టకారు లాంటి దానితో పట్టి కొలిచింది. ఎత్తు, బరువు, ఒంట్లో కొవ్వు ఎంత శాతం, కండ ఎన్ని కిలోలు, అన్నీ రాసింది. కొవ్వు శాతం తక్కువున్న పిల్ల పేరు పైన, ఎక్కువున్న పిల్ల పేరు కింద.

జగన్నాథరావు కొడుకు చైతన్య ఆరో తరగతి నుంచి విజయవాడ హాస్టళ్ళలో చదివాడు. ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకుల కాగితం. ఆ కాగితాలన్నీ ఈ ఫ్రిజ్ మీదే అంటించేవారు. అప్పటినుంచీ వరసగా పేర్లు, పక్కన అంకెలు కనపడితే చాలు, ఆయన కన్ను ముందు పై పేరు మీదకు వెళ్తుంది, తర్వాత తన బిడ్డ పేరు మీదకు దిగుతుంది. మధ్యలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టుకోవడమే చదవడం అనుకుంటాడు. ఆయనొక్కణ్ణే అనడమెందుకు, ఈ చుట్టుపక్కల పిల్లల్ని హాస్టళ్ళలో చదివించిన తండ్రులందరి కళ్ళూ అలాగే తయారయ్యాయి.

ఆ సాయంత్రం ఫ్రిజ్ ముందు నిలబడి "నాన్నా, అది ర్యాంకు కాదు, నేను కార్నర్ని," అని స్నిగ్ధ చెప్పబోయింది. "నాన్నకి ఎదురుచెప్పకే," అని సామ్రాజ్యమే ఆ పిల్ల నోరు మూయించింది.

మర్నాడే కొట్లోంచి చిన్న కాటా ఇంటికొచ్చింది. అన్నం పూటకు నూటయాభై గ్రాములు. నెయ్యి బంద్, పాలు బంద్, గుడ్డు బంద్, ఆదివారం మాంసం బంద్. పొద్దున్నే పరుగు. తూచి పెట్టే పని ఇంటి ఇల్లాలిది. ఆవిడ ఏనాడూ ఒక్క గ్రాము తేడా రానివ్వలేదు.

"ఇది ర్యాంకుల లిస్టు కాదండి," అంది గ్లోరి.

"మరేంటి?"

గ్లోరి పర్సులోంచి పెన్ను తీసింది. కాగితం మీద పైనున్న ఐదు పేర్ల చుట్టూ ఒక గీత గీసింది.

"వినీల, తర్వాత ఈ నలుగురు. అందరూ రైడర్లు. కూతకెళ్ళి, తాకి, దొరక్కుండా తిరిగి రావాలి. వాళ్ళ ఒళ్ళు తేలిగ్గా ఉండాలి. ఈ మధ్యవాళ్ళు కవర్లు, పట్టులో కార్నర్లకి తోడుండేవాళ్ళు. చివర ఈ నలుగురూ కార్నర్లు. పరుగెత్తేదాన్ని పట్టి ఆపేవాళ్ళు. వాళ్ళకి బరువు కావాలి. కండ ఎక్కువ కావాలి, దాంతోపాటు కాస్త కొవ్వూ ఉంటుంది. ప్రతి ఏడూ నా కార్నర్లు ఈ కాగితంలో చివరే ఉంటారు. చివర లేకపోతేనే నాకు బెంగ."

జగన్నాథరావు కాగితం వైపు చూశాడు.

"ర్యాంకు కాదని ఇందులో ఎక్కడ రాశారు?"

"రాయలేదండి."

"అదీ సంగతి." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చదువుకున్నవాళ్ళు మీరు. ఒక కాగితం ఇస్తే అది ఏంటో రాసివ్వాలి. మాలాంటివాళ్ళం ఏం చేస్తాం?"

"నిజమే. ఆ తప్పు నాది, ఇకనుంచి రాసిస్తాను," అంది గ్లోరి. "కానీ అమ్మాయి ఒంట్లోంచి పోయింది ఇప్పుడు నేను రాసినందువల్ల తిరిగి రాదుగా."

ఆవిడ ఇంకో కాగితం తీసి మొదటిదాని పక్కన పెట్టింది. నిన్న శనివారం మళ్ళీ కొలిచిన లెక్క. జగన్నాథరావు కన్ను అలవాటు ప్రకారమే పైనుంచి కిందికి జారింది. ఇంత జరిగాక కూడా అలాగే జారింది. పదమూడో పేరు దగ్గర ఆగింది.

"ఐదు వారాలకి ఒక్క ర్యాంకే పెరిగిందా?" అన్నాడు.

స్నిగ్ధ నవ్వింది. కూతురు ఏడ్చినా సామ్రాజ్యానికి అంత బాధ కలిగేది కాదు.

"ఏంటే ఆ నవ్వు?"

"ఏం లేదు నాన్నా. బాగా చదవలేదు, అందుకే ఒక్క ర్యాంకే."

"చూశారా మేడమ్, ఈ పొగరు చూశారా?"

గ్లోరి ఆ మాట పట్టించుకోలేదు. "పోయిన ఆరు కిలోల్లో కొవ్వు రెండు కిలోలే. మిగతా నాలుగూ కండ. బరువేమో రైడర్ల బరువుకొచ్చింది. రైడర్లకుండే చురుకు రాలేదు, కార్నర్‌కుండాల్సిన బలం పోయింది. నేనీ అమ్మాయిని ఎక్కడ నిలబెట్టాలో మీరే చెప్పండి."

"రోజూ పరుగెత్తింది. పరుగెత్తితే కండ పెరగాలి గానీ, ఎట్టా పోతుంది?"

"తిండి పెట్టకుండా పరుగెత్తిస్తే ఒళ్ళు తన కండ తనే తినేస్తుంది సార్."

తిండి పెట్టకుండా అన్న మాట ఆ హాల్లో అలాగే ఉండిపోయింది. పెట్టిన చేతులు సామ్రాజ్యానివి. ఆవిడ చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. తడేమీ లేదు.

పడమటి గదిలోంచి చేతికర్ర చప్పుడు చేసుకుంటూ రావమ్మ వచ్చింది. జగన్నాథరావు తల్లి. ఎనభై దాటిన మనిషి, పెనుగొలనులో వ్యవసాయం చేయించినప్పటి గొంతు మాత్రం ఇంకా తగ్గలేదు. ఆవిడ వింటున్నదని అందరికీ తెలుసు. ఎప్పుడు బయటికొస్తుందా అన్నదే సందేహం.

"నేను చెప్పలా? ఆడపిల్ల నోటి ముందు కాటా పెట్టొద్దని నేను మొదటిరోజే చెప్పలా?" అంటూ కుర్చీలో కూలబడింది. "మినుములు వేయించి, నెయ్యి పోసి, ఈ చేతుల్తో సున్నుండలు చుట్టాను. పిల్లకి రెండు పెట్టబోతే నా చేతిలోంచి లాక్కుంది నీ పెళ్ళాం. డబ్బా తీసుకెళ్ళి పైన అటక మీద పెట్టింది. ముసల్దాన్ని, అందుకోలేనని."

"అత్తయ్యా," అంది సామ్రాజ్యం.

"అబద్ధమా?"

అబద్ధం కాదు.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు జగన్నాథరావు.

"ఎందుకెళ్ళాలి? నా మనవరాలి సంగతి మాట్లాడుతున్నారు, నేనింటాను."

గ్లోరి గొంతు సవరించుకుంది. "నేను ఎవరిమీదా తప్పు పెట్టడానికి రాలేదండి. ఒక మాట అడిగి వెళ్దామని వచ్చాను. అమ్మాయిని మూడు నెలలు నా కాలేజీ హాస్టల్లో పెట్టండి. మెస్సులో నేను చెప్పిన తిండి తింటుంది, నా కళ్ళముందు కసరత్తు చేస్తుంది. జనవరిలో మళ్ళీ టోర్నమెంట్లున్నాయి. అప్పటికి పోయిన కండ తెచ్చుకుంటే తన మూల తనకిస్తాను. లేదంటే టీములో తన చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చెయ్యాలి. ఇవాళే తేల్చాలి. రేపు హాస్టల్ లిస్టు మూసేస్తారు."

ఫారం బల్లమీద పెట్టింది. కింద ఇంటి పెద్దల సంతకానికి గీత ఉంది.

"ఊళ్ళో ఇల్లు పెట్టుకుని పిల్లని హాస్టల్లో పెట్టమంటారా?" జగన్నాథరావు గొంతు పెరిగింది. "రోజూ వందమంది వస్తారు నా కొట్టుకి. ఏమనుకుంటారు? కన్నవాళ్ళు తిండి పెట్టలేదనుకోరూ?"

"పెట్టలేదుగా," అంది స్నిగ్ధ.

జగన్నాథరావు లేచి నిలబడ్డాడు. కూతురు లేవలేదు. మెట్టు మీద అలాగే కూర్చుని తండ్రిని తలెత్తి చూస్తోంది. దవడ ఎముకలు బయటికొచ్చిన మొహం. ఆ మొహంలో కళ్ళు మాత్రం చిక్కలేదు.

"నీకోసం కాదటే ఇదంతా? పొద్దున్నే నాలుగున్నరకి లేచి బండి మీద నీ వెనకాల రాలేదటే నేను? కొట్టు ఆలస్యంగా తియ్యలేదూ?"

"వచ్చారు."

"మరి?"

"వచ్చారు నాన్నా. కాదనలేదు. రెండేళ్ళు నేను ఆడుతుంటే ఒక్క మ్యాచ్‌కి రాలేదు. ఆఖరి పేరు చూశాక రోజూ వచ్చారు."

ఆ మాట నిజమని సామ్రాజ్యానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆవిడ మనసులో మేకు దిగిన చోటు అదే.

స్నిగ్ధ నిక్కరు వేసుకుని ఆడుతుందని మొదటి ఏడంతా ఇంట్లో రోజూ యుద్ధమే. రెండో ఏడు జగన్నాథరావు ఆ పిల్లతో మాట్లాడటమే మానేశాడు. అలాంటి మనిషి ఆ కాగితం చూశాక మారిపోయాడు. కూతుర్ని పేరుపెట్టి పిలిచి లేపడం, బండెక్కించుకోవడం, ఇంటికొచ్చి బరువు చూసి గోడమీద రాయడం. కొట్లో కూర్చుని, "మా అమ్మాయి నిన్నటికి మూడు కిలోలు తగ్గింది," అని రైతులకు చెప్పడం. ఇంట్లో అరుపులు ఆగిపోయాయి. తండ్రీ కూతుళ్ళు ఒకే బండి మీద గేటు దాటుతుంటే సామ్రాజ్యం రోజూ గుమ్మంలో నిలబడి చూసేది.

రెండో వారంలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆవిడ గ్లోరికి ఫోన్ చేసింది. అన్నం అయిపోయాక పిల్ల ఖాళీ కంచం గీరుకుంటుంటే చూడలేక చేసింది. ఇవాళ భర్తకు చెప్పిన మాటే ఆ రోజు గ్లోరి ఆవిడకూ చెప్పింది. అది ర్యాంకు కాదమ్మా, మీ అమ్మాయి ఉండాల్సిన చోటే ఉంది, తిండి ఆపకండి. సరేనంది సామ్రాజ్యం. నేను ఫోన్ చేసినట్టు ఆయనకు తెలియనివ్వకండి, నేనే మెల్లిగా చెప్తాను అంది.

చెప్పలేదు. చెప్తే ఆయన పరువు పోతుంది, పరువు పోయినచోట ఆయన నిలబడడు, పిల్ల ఆటే మాన్పిస్తాడు. కాస్త సన్నబడితే వచ్చే నష్టమేముంది అనుకుంది. అంతకన్నా ఆ బండి మీద వెళ్ళే ఇద్దర్నీ విడదీయడానికి మనసొప్పలేదు. అలా మూడు వారాలు, అంతా తెలిసి, నూటయాభై గ్రాములు తూచింది.

ఇప్పుడు గ్లోరి నోరు విప్పితే అయిపోయినట్టే. కానీ గ్లోరి ఇచ్చిన మాట మీద నిలబడ్డ మనిషిలా ఉంది. ఇందాకటి నుంచి వంటింటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"అంత తెలిసినదానివి," జగన్నాథరావు కూతురి మీదకు వంగాడు, "అది ర్యాంకు కాదని నాకు ఆ రోజే చెప్పొచ్చుగా. చెప్తే నేను వినేవాణ్ణి కాదూ?"

"చెప్పాను."

"చెప్పలా."

"చెప్పాను నాన్నా. ఫ్రిజ్ ముందు నిలబడి చెప్పాను. నేను కార్నర్ని అని చెప్పాను."

"అబద్ధాలాడకు. మేడమ్‌గారి ముందు తండ్రిని వెధవని చెయ్యకు. నువ్వేం చెప్పలేదు. చెప్పుంటే నాకు గుర్తుండదా?"

ఆయన కావాలని బొంకుతున్నాడని సామ్రాజ్యానికి అనిపించలేదు. తనకు అక్కర్లేని మాట ఆయన చెవిదాకా వచ్చి వెనక్కి పోతుంది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆవిడవే ఎన్నో మాటలు అలా వెనక్కొచ్చాయి.

"అమ్మ అక్కడే ఉంది. అడగండి," అంది స్నిగ్ధ.

అందరి తలలూ వంటింటి వైపు తిరిగాయి. గ్లోరి తల తప్ప.

"అడుగుతా. భయమా నాకు?" అన్నాడు జగన్నాథరావు. "సామ్రాజ్యం, నువ్వక్కడే ఉన్నావుగా. ఇది నాకు చెప్పిందా?"

చెప్పలేదంటే ఆ పూటకు గొడవ సద్దుమణుగుతుంది. బయటి మనిషి ముందు మొగుడి పరువు నిలుస్తుంది. పిల్ల నాలుగు రోజులు మాట్లాడదు, తర్వాత అదే మాట్లాడుతుంది. సామ్రాజ్యం ఇలాంటి లెక్కలు చాలా వేగంగా వేస్తుంది. ఆవిడ కాపురమంతా వాటి మీదే నడిచింది.

స్నిగ్ధ అమ్మను చూస్తోంది. ఆ చూపులో ఆశ లేదు. చెప్పదని తెలిసిపోయిన చూపు. సామ్రాజ్యానికి చాలా సిగ్గేసింది.

"చెప్పిందండీ," అంది.

"ఏంటి?"

"చెప్పింది. నేనే ఎదురుచెప్పొద్దని దాని నోరు మూయించాను."

స్నిగ్ధ మెట్టు మీంచి లేచింది. ఐదు వారాల తర్వాత ఆ పిల్ల మొహం విచ్చుకుంది. ఒక్క అడుగు తల్లివైపు వేసింది కూడా.

జగన్నాథరావు కాస్త తగ్గాడు. "సరే. అంటే అని ఉంటుంది. చిన్నపిల్ల, నోటికొచ్చింది ఏదో అంది. అది నిజమని మనకెలా తెలుస్తుంది? నాకు తెలీదు, నీకూ తెలీదు. తెలిసుంటే నువ్వు మాత్రం తూచి పెడతావా? కన్నతల్లివి."

ఆయన తనకోసం వెతుక్కున్న దారిలో భార్యకు కూడా చోటిచ్చాడు. తలూపితే చాలు. గ్లోరి బల్లమీది కాగితాల వైపే చూస్తోంది. స్నిగ్ధ ఇంకో అడుగు దగ్గరికొచ్చింది, కళ్ళలో నీళ్ళతో. ఆ కళ్ళలో ఉన్నది కృతజ్ఞత. తనకు చెందని ఆ కృతజ్ఞతను ఉంచుకోవడం సామ్రాజ్యం వల్ల కాలేదు.

"నాకు తెలుసండీ," అంది.

"ఏం తెలుసు?"

"అది ర్యాంకు కాదని. రెండో వారంలో నేను మేడమ్‌గారికి ఫోన్ చేశాను. ఆవిడ అప్పుడే చెప్పారు, తిండి ఆపొద్దని. మీకు చెప్పొద్దని నేనే బతిమాలాను."

రావమ్మ చేతికర్ర ఒళ్ళోకి తీసుకుంది.

"నాకు తెలియకుండా ఫోన్లా?" జగన్నాథరావు గొంతు ఈసారి పెరగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "నా వెనక నువ్వూ ఈవిడా మాట్లాడుకున్నారు. రోజూ పొద్దున నేను బండి తీస్తుంటే, ఎంత వెధవని అని నవ్వుకున్నారు."

"నవ్వుకోలేదండీ. మీరిద్దరూ కలిసి వెళ్తుంటే చూడ్డానికి బాగుండి..."

"ఆపు."

ఆపింది. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది గానీ, చెప్పాల్సిన మనిషి ఆయన కాదు. సామ్రాజ్యం కూతురి వైపు తిరిగింది. పిల్ల మొహం మూసుకుపోయి ఉంది. వేసిన రెండు అడుగులూ ఎప్పుడు వెనక్కి వేసిందో, మళ్ళీ మెట్ల దగ్గరే ఉంది.

"స్నిగ్ధా."

పిల్ల బల్లమీది ఫారం వైపు చూస్తోంది.

"సంతకం నేను పెడతాను. నువ్వు హాస్టల్‌కి వెళ్ళు. నాన్నతో నేను పడతాను." సామ్రాజ్యం గబగబా వచ్చి బల్లమీది పెన్ను అందుకుంది. భర్త ఎదురుగా ఉండగా ఆయన్ని దాటుకుని ఒక కాగితం మీద చెయ్యి పెట్టడం ఆవిడకు కొత్త. సంతకం గీత మీద పెన్ను ఆనించింది.

ఫారం ఆవిడ చేతికింద నుంచి జారిపోయింది. లాగింది స్నిగ్ధ.

"నీ సంతకం వద్దమ్మా."

"అది కాదే..."

"నాన్నకి తెలీదు. తెలీక చేశారు." స్నిగ్ధ గొంతు మామూలుగానే ఉంది, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు. "నీకు తెలుసు. నేను ఇంకో రెండు ముద్దలు అడిగితే, తెలిసి, లేదన్నావు. రోజూ అడిగాను నిన్ను."

అవును, రోజూ అడిగింది. మొదటి వారం పోట్లాడి అడిగింది, రెండో వారం బతిమాలి అడిగింది. మూడో వారం తర్వాత ఊరికే కంచం ముందుకు జరిపేది, అంతే.

స్నిగ్ధ తల్లి చేతిలోంచి పెన్ను తీసుకుంది. విసురుగా కాదు, నెమ్మదిగానే తీసుకుంది. హాలు దాటి వెళ్ళి, ఫారాన్ని నాయనమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇంటి పెద్దల సంతకం అని ఉంది నాయనమ్మా. నువ్వు పెట్టు."

రావమ్మకు సంతకం ఒక్కటే వచ్చు. మూడక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, నాగలి చాలు తోలినట్టు నొక్కి రాస్తుంది. కళ్ళజోడు పైకి నెట్టుకుంది. గీత ఎక్కడుందో వేలితో వెతుక్కుంది. మొదటి అక్షరం రాసింది.

"అమ్మా," అన్నాడు జగన్నాథరావు. "ఆ పెన్ను కింద పెట్టు."

రావమ్మ చెయ్యి ఆగింది.

"ఆ సంతకం పడితే ఈ పిల్ల మళ్ళీ ఈ గడప ఎక్కదు. నేను ఎక్కనివ్వను. ఆలోచించుకుని పెట్టు."

గ్లోరి పర్సు భుజాన వేసుకుని లేచింది, మళ్ళీ కూర్చుంది. స్నిగ్ధ తండ్రి వైపు తిరగలేదు. ముసలామె చేతివైపే చూస్తోంది.

రావమ్మ కొడుకును చూసింది, మనవరాలిని చూసింది. పెన్ను కింద పెట్టలేదు. రెండో అక్షరమూ రాయలేదు.

ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ సామ్రాజ్యానికీ అత్తగారికీ ఒక్క విషయంలోనూ పొసగలేదు. మిగతా రెండక్షరాలూ పడి ఆ ముసలిదాని మాట నెగ్గాలని ఆవిడ కోరుకోవడం ఇరవై మూడేళ్ళలో ఇదే మొదటిసారి.